కిటికి ఎటు దిక్కు?

షార్జాల ఈ మొక్కల దుకాణం
మొయిదీన్ సేటుది.
పైపు, కత్తెర, గోళ్లల్ల మన్ను
నాయి. పదకొండేండ్లాయె.

వచ్చినోళ్లు ముందుగాల ధర అడుగుతరు.
నేను కిటికి అడుగుత.
ఎటు దిక్కున్నది? పడమటా?
అయితె గా మెత్తటాకుల దాన్ని ముట్టకుండ్రి,
మూడు గొట్టంగ మీ అద్దం పెనమైతది,
ఆకు అప్పడమైతది.
ఉత్తరమా? ఎదురుంగ ఇంకో బిల్డింగు గోడా?
గీ స్నేక్ ప్లాంట్ తీస్కపోండ్రి.
నెలకు రెండుసార్లు యాది చేస్తె సాలు,
అలుగదు.

"రోజుకు ఎన్ని గ్లాసులు పొయ్యాలె?" అంటరు.
గ్లాసుల లెక్క నాకు రాదు.
ఏలు రెండో కణుపు దాక మన్నుల గుచ్చుండ్రి.
తడి అంటితె ఆగుండ్రి,
పొడిపొడి రాలితె పొయ్యుండ్రి.
ఈడ దూపకు సచ్చిన మొక్కలు రెండో మూడో సూసిన.
నీళ్లెక్కువై కుళ్లినయి,
గవ్వి లెక్కవెట్టలేదు.

ఇంకోటి. జులైల నల్ల నీళ్లు నేరుగ పొయ్యొద్దు.
మిద్దె మీది ట్యాంకుల అవి
చాయ నీళ్ల లెక్క కాగుతయి.
రాత్రి బకీట్ల పట్టిపెట్టి తెల్లారి పొయ్యాలె.
లేకుంటె ఏసీ గొట్టం కింద సీస పెట్టుండ్రి.
ఉప్పు లేని నీళ్లు, బొట్టు బొట్టు.
ఈ దేశంల వాన
గోడలకెల్లి గిట్ల కురుస్తది.

దివిసీమ నర్సమ్మ ఉన్నది, హైమావతి.
పందొమ్మిదో అంతస్తు.
ఆరో కరివేపాకు మొక్క కూడ ఎండిపోయిందని
సంచిల పుల్లను తెచ్చి చూపించింది,
పోస్ట్‌మార్టానికి తెచ్చినట్టు.
"ఏం తక్కువ చేశానండీ దీనికి?"
తక్కువేం చెయ్యలేదమ్మా,
ఏసీ మూతి దాని నెత్తి మీదున్నది.
చలిగాలి తాకితె అది మన తీరు గాదు, ముడుసుకుంటది.
మనీ ప్లాంట్ పెట్టుకో, సీసల నీళ్లల్ల గూడ బతుకుతది.
"పప్పు తాలింపులో మనీ ప్లాంట్ వెయ్యమంటారా?"
నాకు జవాబు దొరకలే.
ఏడోది కొనుక్కపోయింది.
ఈసారి వంటింటి గూట్లె పెడుతదట.

మా అర్రకు కిటికి లేదు.
సజ్జ క్యాంపు, ఎనిమిది మంచాలు, రెండు షిఫ్టులు.
ఎవలో ఒకలు డ్యూటీకి లేస్తనే ఉంటరు,
ట్యూబులైటు ఆరంగ నేను సూడలే.
సేటు పారేసిన ఆగ్లోనిమా ఒకటి,
కాండం సగం ఇరిగింది,
పెరుగు డబ్బల నాటి
ఫ్రిజ్ మీద పెట్టిన,
పోశెట్టి గడ్డం గీసుకునే సామాను పక్కన.
తక్కువ ఎలుగుల బతికే జాతే. మూడు ఆకులేసింది.
తర్వాత అంచులు పసుపైనయి.
ఏలు గుచ్చిన. తడి సరిగనే ఉన్నది.
ఆకు మర్లేసి సూసిన. పురుగు లేదు.
తడిగుడ్డతోని దుమ్ము తుడిచిన.
ఊరందరికి చెప్పే జవాబులు
ఒక్కోటి దాన్ని అడిగిన. ఒక్కటి తల్గలే.

ఓ పొద్దుగాల పోశెట్టి
రాత్రి వెల్డింగు పని దిగొచ్చి
కండ్ల మీద తువ్వాల కప్పుకొని పండుకున్నడు.
తువ్వాల కిందికెల్లి అన్నడు:
"దానికేం రోగం లేదు బావా.
దానికి రాత్రి లేదు."

గప్పటి సంది
పది గొట్టంగ అన్నం గంజు కడిగి
మొక్క మీద బోర్లిస్తున్న.
పొద్దున నాలుగింటికి బియ్యం పెట్టేటోడు
గంజు లేపుతడు. దానికి తెల్లారుతది.
ఎసరు పెట్టుడు ఆలస్యమైతె
ఆ దినం దానికి పొద్దు జర ఆలస్యంగ పొడుస్తది,
మాకు కడుపు కాలుతది. ఎవ్వలు ఏమనరు.

నిన్న కొత్త ఆకు కనవడ్డది,
బీడి చుట్టినట్టు సన్నగ.
అందరం గుంపుగూడి సూసినం.
పోశెట్టి తువ్వాల జర పక్కకు జరిపి
ఒక్క కన్నుతోని సూసి అడిగిండు:
"మనిషికి సరిపోయే గంజు
మీ సేటు కాడ దొరుకుతదా?"

సైజెంత అని అడిగిన.
గప్పటికే గురక.