చుక్కతో మొదలయ్యే పేర్లు

పేరు ముందు ఒక్క చుక్క పెడితే చాలు
ఫైలు కంటికి ఆనదు.
పసిబుగ్గ మీద కాటుకచుక్కలా,
ఎవరి చూపూ తగలకుండా.
ఊర్వె దగ్గర అలాంటివి పదకొండున్నాయి.

తార్తూలో ఆఫీసు కంప్యూటరు,
ఇంట్లో మూత సరిగా పడని లాప్‌టాపు,
పెయిప్సి సరస్సు ఒడ్డున నీటిమట్టం కొలిచే గదిలో
చలికి కొయ్యబారినా కొనవూపిరితో ఇంకొకటి.
మూడింటికీ ఒకే అలవాట్లు నేర్పాలని
పందొమ్మిదేళ్లుగా ఆమె పాటు.

మొదట్లో పెన్‌డ్రైవ్‌లో మోసేది,
కోటుజేబులో, తాళంచెవుల గుత్తితో.
ఒక డిసెంబరులో అది మంచులో జారిపోయింది.
మార్చిలో దొరికింది గాని
నోరు విప్పలేదు.
అప్పటినుంచీ గిట్‌కి అప్పగించింది,
ఎప్పుడు ఏం మార్చిందో
ఆమెకన్నా దానికే బాగా గుర్తు.

ఆమె వేళ్లు ఒక ఆదేశాన్ని ఎప్పుడూ తిరగేసి కొడతాయి.
రెండక్షరాలే, ముందుది వెనక్కి.
దిద్దుకోవాలని చూసి చూసి, విసిగి
తప్పునే నమోదు చేసింది:
ఇలా కొడితే అలా కొట్టాననుకో, అని.
ఆ తప్పు ఇప్పుడు మూడుచోట్లా ఒప్పు.
కొత్తగా చేరిన రైగో కంప్యూటరు ముందు కూర్చున్న రోజున మాత్రం
*అలాంటి ఆదేశం లేదు* అంది తెర.
చుట్టపుచూపుగా వెళ్లినింట్లో
ఉప్పు ఎక్కడుందో తెలియనట్టు
వేళ్లు గాలిలో ఆగిపోయాయి.

నూట నలభయ్యో వరస పైన
తను రాసుకున్న హెచ్చరికే: *దీన్ని తీయొద్దు.*
ఎందుకో రాయలేదు.
ఒకసారి తీసి చూసింది. ఏమీ కాలేదు.
అయినా మళ్లీ పెట్టేసింది.

ఇంతలో ఈ జనవరి.
ఒక రాత్రి సరస్సు గదిలో, గాలి తలుపు తడుతుంటే
*కోయు* అన్న మాటకి అర్థం మార్చింది.
మన చెవికి ఉల్లిపాయ కోస్తున్నట్టుంటుంది గాని
వాళ్ల భాషలో అది 'ఇంటికి'.
ఆ మాట కొడితే నీటి లెక్కల దగ్గరికి తీసుకుపొమ్మంది.
శనివారం ఇంట్లో, ఆ సంగతి మరిచి
అదే వరసలో
వసంతానికి వేయాల్సిన ఉల్లినారు పట్టీల దారి రాసింది.
(కోతకే వచ్చాం చివరికి.)

సోమవారం ఆఫీసులో రెండూ ఎదురుపడ్డాయి.
పైనా కిందా బాణాల కంచె,
మధ్యలో ఇద్దరు ఊర్వెలు.
ఎవరి మాట ఉంచను, అని యంత్రం.
ఇద్దరి పేరూ ఒకటే, సంతకమూ ఒకటే,
ఎవరు అబద్ధమాడారని తేలుస్తావు?

"ఒకటి కొట్టిపారేయండి, అయిపోతుంది," అన్నాడు రైగో
కుర్చీ తిప్పకుండానే.
అతనికి ఇరవై నాలుగు. ఒకటే కంప్యూటరు.

ఆమె టీ పెట్టుకుంది.
చల్లారిపోయింది.
రెంటినీ ఉంచి, పైన ఒక షరతు రాసింది:
నువ్వు ఏ యంత్రానివో ముందు చెప్పు,
ఇల్లెక్కడో తర్వాత చెబుతాను.
సరస్సు గదికి నీళ్లు, లాప్‌టాపుకి ఉల్లినారు.
ఆఫీసుకి ఏం రాయాలో తోచక
వదిలేసింది.

సాయంత్రం అయిదింటికి, కిటికీలో ఎప్పుడో చీకటి,
అలవాటుకొద్దీ వేళ్లు కోయు అని కొట్టాయి.
*అలాంటి ఆదేశం లేదు.*
అవును గదా, అనుకుని
లేచి కోటు తొడుక్కుంది.