తుందుక్ తాడు

ఐజిరెక్ ఆకాశం చూస్తోందనుకునేవారు అందరూ.
గడ్డం ఎప్పుడూ పైకి,
రెండు రెప్పలూ సగానికి జారిన తెరల్లా, మడత లేకుండా,
కనుబొమ్మలు మాత్రం నుదుటి నడుమకెక్కి
పొద్దస్తమానం దేనికో ఆశ్చర్యపోతున్నట్టు.
నిజానికి చూసేది ఎదురుగా ఉన్నదాన్నే:
టీ గిన్నెని, మేకని, నా మొహాన్ని.
ఆకాశం కావాలంటే వెల్లకిలా పడుకోవాల్సిందే.

అందుకే వేసవి మేతకి కొండెక్కినప్పుడల్లా
గుడారం మధ్యలో పడుకునేది, పొయ్యి పక్కన,
నడికప్పులో గుండ్రంగా తెరిచి ఉండే తుందుక్ కింద.
మబ్బొస్తే మబ్బు, డేగొస్తే డేగ.
రాత్రి దానిమీదికి ఉన్ని కప్పు లాగితే ఏడ్చేది.

నారిన్‌లో బడి టీచరమ్మ అంది,
ఇంత వేలెడు పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయని.
నాకు కోపం రాలేదు. పాత మాట.
పటాలంలో సార్జెంటు నా గడ్డం మీద చెయ్యేసి
దించరా అన్నాడొకసారి.
దించాను.
ఆ కవాతంతా నా బూట్లు తప్ప ఇంకేమీ చూడలేదు.

మా నాన్నవీ ఇవే కళ్ళు. ఆయన తల్లివీ.
ఫోటోల్లో మేమంతా
ఎవరితోనో పంతానికి దిగినట్టుంటాం.

బిష్కెక్‌లో డాక్టరు బురుల్సున్ ఎసెనొవ్నా
నా కుడికన్ను అరచేత్తో మూసి ఏదో చదవమంది.
ఎడమది చూడ్డం ఎప్పుడో మర్చిపోయిందంది.
"వెలుతురందని కన్ను నేర్చుకోదు.
మీకు ఆలస్యమైంది. పిల్లకి ఇంకా కాలేదు."
తర్వాత కాగితం మీద గీసింది:
తొడలోంచి సన్నటి పట్టీ ఒకటి తీస్తుందట,
రెప్ప లోపలినుంచి పైకి దూర్చి
నుదుటి కండరానికి ముడేస్తుందట.
రెప్పకి లేని బలం కనుబొమ్మ అరువిస్తుందట.
మా అత్తగారు సైరకన్ బొమ్మవైపు చూడనేలేదు.
"తాడు లాగితే తుందుక్ తెరుచుకోదూ, అదేగా" అంది.
డాక్టరు పెన్ను కింద పెట్టింది.

రెండున్నర గంటలు.
వరండా బల్లమీద ఎవరో వదిలేసిన పొద్దుతిరుగుడు గింజలు.
లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను,
రెండోసారి వేరే లెక్క వచ్చింది.

ఐదేళ్ళ పిల్ల. కట్లు విప్పాక అద్దమడగలేదు.
కుంటుకుంటూ వార్డంతా తిరిగి
తొడమీది కుట్లు చూపించింది:
"నా కంట్లో నా కాలు ముక్కుంది."

"నిద్రలో పూర్తిగా మూసుకోవు" అంది డాక్టరు,
లేపనం గొట్టం చేతిలో పెడుతూ,
"రాత్రిపూట రెప్ప పని మీరే చెయ్యాలి."
చేస్తున్నాను. పగటి చుక్కలు జిపార్ వేస్తుంది,
రెండింటికి నేను లేస్తాను.
రెండు కళ్ళలోనూ సన్నటి తెల్లగీత,
నిద్రపోతూనే నన్ను కనిపెట్టుకున్నట్టు.
మొదటి రాత్రి భయమేసింది.
ఇప్పుడు వేలికొసతో మందు రాసి
కాసేపక్కడే కూర్చుంటాను, పనేమీ లేకపోయినా.

మీకూ చెయ్యొచ్చు, కనీసం మెడ సుఖపడుతుంది, అందావిడ.
గడ్డికోతలయ్యాక చూద్దామన్నాను.

జూన్‌లో గుర్రమ్మీద పైకి బయల్దేరాం,
తను ముందు, నేను వెనక.
పోయినేడాదిదాకా దారి పొడుగునా
ఆ వాలిన తల నా రొమ్ముకి ఆనుకునుండేది,
దిగేటప్పుడు జుట్టు నా గుండీకి చిక్కుకుంటే
ఇద్దరం కలిసి విడదీసేవాళ్ళం.
ఇప్పుడు నిటారుగా కూర్చుంది.
కొండకొమ్ము మీది మంచుని
కూర్చున్నచోటినుంచే చూసి వేలెత్తి చూపించింది.
అది కనబడాలంటే నేనే వెనక్కి వాలాలి.
వాలాను.
మా ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ,
అందులోంచి చలిగాలి.

చొక్కా పైగుండీ పెట్టుకున్నాను.