ఒంటి మేజోడు

రివర్ రోడ్డులో మూడో అంతస్తు.
మెట్ల మీద కాగితం కట్టలు, కింద మటాటూల హారన్లు.
నెకేసా పైకి వచ్చేసరికి ఆయాసపడుతోంది.
చేతిలో ఎనిమిది వందల షిల్లింగులు,
పిల్లవాడి నోటుబుక్కులోంచి చింపిన పేజీ.

పేజీలో పదిహేడు వాక్యాలు.
చుట్టూ గులాబీల అంచు కావాలంది,
మూడు రంగులు, ఉయ్యాల, నెలవంక,
వీలైతే ఒక దేవదూత.
ఇరుకు సందులో పెళ్లి ఊరేగింపు ఇది, అన్నాను,
పెళ్లికూతురు ఎక్కడుందో ఎవరికీ కనపడదు.

"అయితే నువ్వే చెప్పు ముటిండా,
నా డబ్బుకి ఏం వస్తుంది?"

ఒక్క సిరా వస్తుంది. నలుపు.
కానీ కాగితం తెల్లగానే ఉండాలని ఎవరన్నారు?
నీలానికి వందకి యాభై ఎక్కువ,
అది నా ఖాతాలో వేసుకుంటా.
కాగితమే నీ రెండో రంగు.
రాత్రిని నేను అచ్చు వేయక్కర్లేదు,
మిల్లువాళ్లే వేసి పంపారు.

పెద్ద కాగితం ఒకటి, నాలుగు ముక్కలు.
వంద కొంటే నాలుగు వందల చేతుల్లోకి.
అంచుదాకా ఏదీ పెట్టకు,
ఈ మిషను అంచులు మింగేస్తుంది.
చుట్టూ వేలెడు ఖాళీ వదులు.
ఖాళీకి నేను డబ్బు తీసుకోను.
ఈ వీధిలో ఉచితంగా దొరికేది అదొక్కటే,
దాన్నే అందరూ గులాబీలతో పూడ్చుకుంటారు.

వాక్యాలు కొట్టేస్తుంటే
పంటి కింద రాయి పడ్డట్టు చూసింది.
"నేను శుభ్రంగా ఉంటాను", కొట్టేశాను.
"దేవుడంటే భయం ఉంది", కొట్టేశాను.
"నాకు ముగ్గురు, ఒకడు పోయాడు"
దగ్గర నా పెన్ను ఆగింది.
ఆ గీత తనే గీసింది.

మిగిలింది ఇంతే:
రాత్రంతా మీరు అమ్ముకోండి.
మీ పిల్లల్ని నేను నిద్రపుచ్చుతాను.
కింద ఫోను నంబరు, బొటనవేలంత అంకెలు,
కదిలే బస్సులోంచి కూడా అందేట్టు.

బొమ్మకి డబ్బు లేదు.
సంచిలో ఏముందో తియ్యమన్నాను.
తాళాలు, ఒక ఉల్లిపాయ, నలిగిన టికెట్లు,
మడమ దగ్గర కుట్టు ఊడిన పసి మేజోడు, ఒక్కటే.
ఎవరిదని అడగలేదు.
ఫోటోకాపీ అద్దం మీద పెట్టి మూత వేశాను.
ఆకుపచ్చ వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.
అల్లికలో ప్రతి కన్నూ, ఊడిన ఆ దారం సహా,
కాగితం మీదికి దిగింది.
నా బొమ్మల పుస్తకాల్లో ఎక్కడా
అంత మెత్తని గీత లేదు.

గోడలకి అంటించేవాటికి
కింద కత్తెరతో నాలుకలు కోసి, ప్రతి నాలుక మీదా నంబరు.
మొదటి నాలుక నువ్వే చింపెయ్, అన్నాను.
ఎవరూ చింపని కాగితాన్ని ఎవరూ చింపరు.

మర్నాడు పాస్టర్ ఒడెరో పని.
అద్భుతాల రాత్రి, వెయ్యి కాపీలు.
రెండు వందలు అయ్యాక చూశాను,
ప్రతి దాని పైమూలలో
చిన్న కాలివేళ్ల గుడ్డ, మేజోడు కొస.
మూత కింద మర్చిపోయింది మహాతల్లి.
తిడతాడనుకున్నాను.
ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.
"మిగతా ఎనిమిది వందలకీ ఉంచు" అన్నాడు.

మూడో వారం గికోంబా స్తంభం మీద కనపడింది.
నీలం ఎండకి వెలిసి పాలరంగుకి వచ్చింది,
నలుపు మాత్రం చెక్కుచెదరలేదు.
నాలుకలు ఒక్కటీ లేవు.

ఆ సాయంత్రమే మెట్లెక్కి వచ్చింది నెకేసా.
"ఇంకో కాగితం కావాలి.
చోటు లేదు. అంతే."
రెండు మాటలే కదా, తగ్గించవా, అంది.
ఆరు వందల దగ్గర తెగింది బేరం.

సొరుగులోంచి మేజోడు తీసి ఇచ్చాను.
వాసన చూసింది.
"ఉతికావే?"
సిరా మరక పడింది, అన్నాను, అందుకని.