తొలగింపుల పుస్తకం

చిలకలగూడ సందులో చర్చి వెనక గది.
తాళం తీస్తూ ఓబద్యా తాత దగ్గాడు.
"పేర్లు ఎందుకు బిడ్డా,
సర్టిఫికెట్ కోసమా, సంబంధం కోసమా?"
జవాబు తోచలేదు.
నానమ్మ పోయాక ఆమె బైబిలు అట్ట లోపల
పెన్సిలుతో ఒక అంకె దొరికింది,
రెండువందల పన్నెండు.
అది పట్టుకుని వచ్చాను.

మా సంఘంలో పసివాళ్ళ నెత్తిన నీళ్ళు చల్లరు.
అందుకే ఈ పుస్తకాల్లో ఎవరూ పుట్టలేదు.
అందరూ ఒకేసారి పెద్దవాళ్ళై
చాదర్‌ఘాట్ దిగువన, జొన్న కోతలయ్యాక
నడుము లోతు మూసీలోకి దిగారు.
మునిగిన తారీఖు ఉంది, ముందుదేదీ లేదు.

వరదేడు తడిసిన పుటలు
అప్పడాల్లా అతుక్కున్నాయి.
చీపురుపుల్లతో విడదీస్తూ పోయాను.
దొరసాని రాయించిన వరసలవి,
ఆమె చెవికి అందిన మేరకే మావాళ్ళ పేర్లు.
ఎంకటి ఒకచోట యాంకటి,
సాయవ్వ ఇంకోచోట షావా,
ఒకామెకు పేరు కుదరక
"పొడుగు స్త్రీ" అని రాసి వదిలేశారు.

రెండువందల పన్నెండు:
"మైసడు, ఇప్పుడు మీకా. తోలుపని.
వయసు ముప్పది అని అతడే చెప్పును."
ఇంటిపేరు దగ్గర ఒక గీత.
భార్య దగ్గర, "ఉన్నది."

మీకా తాత మా ఇంట్లో
ఫొటో కూడా లేని పరిశుద్ధుడు.
పొద్దున్నే లేవకపోతే నాన్న అనేవాడు,
"ఆయన మోకాళ్ళు కాయలు కాసినయిరా,
ప్రార్థన చేసీ చేసీ."

ఓబద్యా తాత ఇంకోటి తెచ్చాడు.
సన్నది, అట్ట ఊడింది.
"ఇది ఎవ్వరికీ చూపియ్యం" అంటూనే
నా ముందు పెట్టి కిటికీ దిక్కు తిరిగాడు.

కల్లు తాగినందుకు ఒకడు.
ఆదివారం చెప్పులు కుట్టినందుకు ఒకడు,
అవి జాగీర్దారువి, కుట్టకపోతే ఏమయ్యేదో రాయలేదు.
బిడ్డకు జ్వరమొస్తే తాయెత్తు కట్టిన ఒకతె.
మూడో పుటలో మావాడు:
"మీకా. పోచమ్మ జాతరలో డప్పు కొట్టెను. తొలగింపబడెను."
ఏడు నెలలకు,
"ఏడ్చెను. చేర్చుకొనబడెను."
మళ్ళీ ఆషాఢం.
"మీకా. డప్పు."
అంతే. రాసేవాళ్ళకూ విసుగొచ్చినట్టుంది.
ఈసారి ఏడవలేదు కాబోలు,
చేర్చుకున్న తేదీ ఎంత వెతికినా లేదు.

దాని కింద, సిరా మారిన వరస:
"అతని భార్య లచ్చుమవ్వ.
వెలియైన వానికి అన్నము పెట్టుచున్నది.
మందలించితిమి. మానలేదు."

ఆ పేరు మీద వేలు పెట్టాను.
తీయబుద్ధి కాలేదు.
నమ్మినవాళ్ళ పుస్తకంలో ఉత్త "ఉన్నది",
తప్పిపోయినవాళ్ళ దాంట్లో మనిషయింది.
ఎవరో ఫిర్యాదు చేస్తే తప్ప
నాకు ముత్తవ్వ లేకపోయేది.

"ముప్పై ఏండ్ల కింద మీ నానమ్మొచ్చింది,"
కిటికీతో చెప్పినట్టు చెప్పాడు తాత.
"చదివింది. మూసింది.
వాన పడేటట్టుంది, పోతా అన్నది.
ఎండాకాలమమ్మా అది."

అంకె దాచుకుని పేరు మింగేసింది నానమ్మ.
రోజూ రాత్రి మాకు అన్నం కలుపుతూ
ఎవరికోసమో ఒక ముద్ద పక్కన పెట్టేది,
కాకికి అనుకునేవాళ్ళం.

గది మూస్తుంటే కట్టమైసమ్మ గుడి దిక్కు నుంచి
డప్పు మొదలైంది.
ఓబద్యా తాత వేళ్ళు తాళం మీద
రెండు దెబ్బలు వేసి,
నేను చూశానని చూసి, ఆగాయి.

నాన్నకు ఫోన్ చేయాలి.
మోకాళ్ళ సంగతి ఇప్పుడే వద్దు.
ముందు ఆమె పేరు చెబుతాను,
రెండుసార్లు చెప్పాలేమో,
ఆయనకు ఈ మధ్య సరిగ్గా వినపడదు.