వడిసెల చెయ్యి

ఐతారం. బట్టలు పిండి ఆరేసిన,
రూం బియ్యం లెక్క రాసిన,
ఇగ నేను ఖాళీ.
అల్ కూజ్ క్యాంపు ముంగట బస్సెక్కి,
ఇంకో బస్సు మారి, మెట్రో దిగి,
ఆఖరుకు ఇసుకల కిలోమీటరు నడిచి చేరిన.
టికెట్ ముప్పై అయిదు దిర్హమ్‌లు,
ఎనిమిది పూటల కూర పైసలు.
రూంల పోశాలుకు మాత్రం పది అని చెప్పిన.

"కిరికెట్టు కాదంటివి, మరి గదేం ఆటర?"
చిర్రగోనెకు పెద్దన్న అన్న ఒకసారి.
నవ్విండు. నేను నవ్వలే.

నాకు నేర్పింది రోడెల్,
గోదాంల నా పక్క ఫోర్క్‌లిఫ్ట్ వానిదే.
వాళ్ల దేశంల అందరిది బాస్కెట్‌బాల్,
వీనొక్కనిదే ఈ పిచ్చి.
అన్నం తిన్నంక
డబ్బా మూత ఒక మూల, చెప్పు ఒక మూల,
నీళ్ల బాటిల్ ఇంకో మూల పెట్టి
"ఉరుకు, ఉరుకు, ఇంటికి రా" అని ఒర్లెటోడు.
ఇల్లంటె వాడు తిన్న పల్లెం.

ఇయ్యాల ముత్యాలోళ్లకు, ఒంటెలోళ్లకు.
అసలు పేర్లు వేరే,
టోపీల మీది బొమ్మలు చూసి నేను పెట్టుకున్నయి ఇవి.
ముత్యాలోళ్ల పద్దెనిమిదో నంబరోడు నావోడు.
వాని పేరు నా నోట్లె తిరుగది.
ఎడమ చెయ్యి.
మోకాలు ఛాతిదాక లేపి
కొంగ లెక్క ఒక్క గడియ నిలవడి
అప్పుడు ఇడుస్తడు.

ఆ ఆగుడున్నది సూడు,
దానికోసం అస్త నేను.
జొన్నచేన్ల మంచె మీద
వడిసెల తిప్పి రాయి ఇడిసే ముందు
ఊపిరి గట్లనే ఆగుతది.
చిలుకలకు గది ఎరుకే.
రాయి కంటె ముందు
ఆ ఆగుడుకే లేస్తయి.

నోటుబుక్కు తీసిన.
ముంగటికెళ్లి ఉల్లిగడ్డ, పప్పు, గ్యాసు, ఎవల బాకి ఎంత.
ఎనుకకెళ్లి నా ఆట.
కొట్టలేక పోయినోనికి "పో".
ఉత్తగ నడిచి పోయినోనికి "న".
మూడో మూల కాడ మిగిలిపోయినోనికి
ఇంక గుర్తు దొరకలే,
గీత గీసి ఇడిసిపెడుత.

ఎండ దిగింది. గాలిల ఉప్పు, పాప్‌కార్న్.
సగం కుర్చీలు ఖాళీ.
ముంగట ఒక అరబ్బు తాత, మనవడు.
ఇద్దరికి ఏం సమజైతలేదు,
ఇద్దరు మస్తు ఖుషీ.

అయిదో ఇన్నింగ్స్‌ల
ఒంటెలోడు కొట్టింది పక్కకు లేసి
లైట్లల్ల మాయమై
మా దిక్కే దిగింది.
తాత మనవని తల మీద చెయ్యి అడ్డం పెట్టిండు.
నా అరచేతుల పడ్డది, చప్పుడుతోని.
ఎర్ర దారం కుట్లు. తోలు వాసన. మంట.

గా బంతి ఇగ నీదే, ఇంటికి తీస్కపోవచ్చు.
రోడెల్ వందసార్లు చెప్పిండు, నాకెరుకే.
చెయ్యికి ఎరుక లేదు.
లేచిన. ఊపిరి ఆగింది.
ఇసిరిన.

కంచె మీదికెళ్లి, గడ్డి మీదికెళ్లి
పోయి పోయి
పద్దెనిమిదోని బూట్ల కాడ
రెండు ఎగురులు ఎగిరి ఆగింది.

గ్రౌండంత నవ్వు.
పెద్ద తెర మీద నా మొకం, తెరిచిన నోరు.
సెక్యూరిటోడు అచ్చి ఏలు చూపెట్టి పోయిండు.
రోడెల్ మూడు భాషల తిట్టిండు.

పద్దెనిమిది వంగిండు. బంతిని తిప్పి చూసిండు.
నా దిక్కు మళ్లి
టోపీ అంచు ముట్టుకున్నడు.
ఆ బంతి ఆటకు పనికిరాదట,
పక్కకు దొర్లిచ్చి వేరేది అడిగిండు.

ఏడో ఇన్నింగ్స్‌ల వాన్ని దింపిండ్రు.
పెద్దసారు నడుచుకుంట అచ్చి చెయ్యి సాపిండు,
వీడు బంతి పెట్టిండు.
ఒక్క మాట లేదు.
దానికి గుడ నా కాడ గుర్తు లేదు.

ఓడినం. ఆరు, నాలుగు.

బస్సుల రోడెల్ నా భుజం మీద గురక పెడుతుండు.
అరచేతుల కుట్ల అచ్చు ఎర్రగ ఇంక ఉన్నది.
బుక్కు తెరిచిన.
ఇటుకెళ్లి అచ్చిన లెక్కలు, అటుకెళ్లి అచ్చిన ఆట
ఈ పేజీలనే కలిసినయి.
అయిదో వరుస చివర
"నేను" అని రాసి, కొట్టేసి,
"చిలుక" అని రాసిన.
కిందనే పోశాలు రాత:
ఉల్లిగడ్డ, రెండు కిలోలు.