మూడో కుప్ప ముందు

మొదటి కుప్ప చిన్నది.
నల్లటి మట్టి, ఇంకా వేళ్ళు పట్టుకునే ఉంది.
ఈ షరుస్ లోయలో జానెడు మందం కూడా రాదు.
ఎనిమిది నెలలు గడ్డకట్టుకుని
నాలుగు నెలల్లో తిని బతికే నేల
ఇంతకన్నా ఏం కూడబెడుతుంది?

రెండో కుప్ప పచ్చటి బంక.
మూడోది కొండంత. కంకర, గులకరాళ్ళు,
బంగారం కడిగేసుకున్నాక మిగిలిన పొట్ట.

ఈ మూడూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా చూడటమే
నా ఉద్యోగం.
రేకు పలకల మీద అంకెలు రాసి పాతాను.
గోబీ గాలి రేగిన రోజు మొదటి కుప్పకి నీళ్ళు చల్లిస్తాను.
క్యాంపులో నన్ను మట్టక్క అంటారు.

బంగారం లెక్క వేరేవాళ్ళది.
గ్రాముల్లో రాసి తాళం వేస్తారు.
నా లెక్కకి తాళం లేదు,
దొంగతనానికి ఒక్క వాన చాలు.

వాన ఆగస్టులో వచ్చింది, అర్ధరాత్రి.
బురదనీళ్ళ మడుగు గట్టు తెగబోయింది.
బుల్డోజర్ లైట్ల వెలుగులో
గంజోరిగ్‌కి దగ్గరగా కనపడిన కుప్ప మొదటిది.
తెల్లారేసరికి
గట్టు నిలబడింది,
కింద వాగు తేటగానే పారుతోంది,
నా పలక బోర్లా పడి ఉంది,
కుప్పలో సగం లేదు.

తిట్టడానికే వెళ్ళాను.
ఇనుప పట్టా మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.
"అక్కా, ఆ వాగులోనే మా వదిన మేకలు తాగేది" అన్నాడు.
తిట్టు నోట్లోనే నానిపోయింది.

సెప్టెంబరులో పూడ్చడం మొదలు.
తీసిన వరస తిరగేయాలి,
ఆఖర్న బయటికొచ్చింది ముందు లోపలికి పోవాలి.
మూడో కుప్ప తోశాం.
ఒకసారి తవ్వితే ఊపిరి పీల్చుకుని ఉబ్బుతుంది నేల,
ఎంత తొక్కించినా పాత కొలతకి రాదు.
గొయ్యి ఉన్నచోట ఇప్పుడు చిన్న మూపురం.
దాని మీద బంక పరిచాం.
చివరికి నల్లమట్టి దగ్గరికొస్తే
నాలుగు హెక్టార్ల నేలకి
రెండు హెక్టార్ల దుప్పటి.

"పల్చగా అంతటా లాగేయండి,
ఫోటోలో నల్లగా పడితే చాలు" అన్నాడు ఇంజనీరు.
పల్చగా లాగడం నాకు తెలుసు.
ఐదేళ్ళ కిందట ఇంకో లోయలో లాగాను.
మార్చి గాలికి మొత్తం లేచిపోయింది.
ఆ దారిన వెళ్ళాల్సి వస్తే
ఇప్పటికీ జీపులో అటుపక్క కూర్చోను.

జావ్‌జ్మాని పిలిచాను.
తవ్వకానికి ముందు ఆమె గేర్ ఇక్కడే ఉండేది.
పాలు వేలితో నాలుగు దిక్కులకీ చిలకరించి
గుర్రం కళ్ళెం పట్టుకుని మూపురమంతా నడిచింది.
మధ్యాహ్నం అయింది. మేమెవరం మాట్లాడలేదు.
వాగు ఒడ్డు చూపిస్తుందనుకున్నా,
ఉత్తరపు వాలులో మూడు పల్లాలు చూపించింది.
"మంచు ఇక్కడ ఆలస్యంగా వెళ్తుంది" అంది.
అంతే.
టీ కూడా తాగకుండా గుర్రమెక్కింది.

ఆ మూడు పల్లాల్లోనే పరిచాం,
జానెడుకి జానెడు.
గంజోరిగ్ బ్లేడుని
నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి లాగినట్టు లాగాడు.
గడ్డి విత్తనాలు మాత్రం చేత్తోనే చల్లాం.
కాగితంలో రాశాను:
రెండు హెక్టార్లు పూర్తి. రెండు బాకీ.
ఇంజనీరు రెండో వాక్యం కొట్టేశాడు.
నేను మళ్ళీ రాశాను, పెన్ను మార్చి.

జూన్‌లో వెళ్ళి చూశాం.
పైన కంకర కంకరలాగే ఉంది, సిగ్గుపడకుండా.
పల్లాల్లో పిల్లి మీసాలంత గడ్డి, అక్కడక్కడ.
ఒకచోట నేల ఉడుత బొరియ తవ్వి
రెండో కుప్ప పచ్చబంకని
మొదటి కుప్ప నల్లమట్టి మీద ఎగజల్లి పోయింది,
ఏ పలకా చదవకుండా.

గంజోరిగ్ నా వైపు చూశాడు.
"దీన్నీ తిట్టవా?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని
బొరియలో చెయ్యి పెట్టి చూస్తున్నాను,
తడి ఎంత లోతులో ఉందో.