ఎడమ మడమ

ఆఫీసరుగారికి,
డనీడిన్‌లో బూట్లు బాగుచేసే ఆంగస్ పెట్రీ రాయునది.

వీళ్ళది నిజం కాపురమేనని
ఒక పేజీ రాసిమ్మన్నారు.
పెళ్ళి తేదీ వేశాను. అనుమానమొచ్చి కొట్టేశాను.
"చూడముచ్చటైన జంట" అన్నాను. అదీ కొట్టేశాను.

నాకు తెలిసింది ఇంతే:
ఏటా చలికి ముందు
ఫెటు ఆమె బూట్లు తెస్తాడు.
"దిగుడులో ఎడమకాలు ఈడుస్తుంది,
అంటే ఒప్పుకోదు.
మడమ కాస్త మందంగా వెయ్యి,
తనకి చెప్పకు."

యసెనియా పేరు ఎలా రాయాలో
ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతాను.
ఆ మడమైతే
చీకట్లో చేతికిచ్చినా పోల్చుకుంటాను.

సంతకమయ్యాక కూడా
పెన్ను మూత పెట్టలేదు.

ముప్పయ్యొక్కేళ్ళు మోయిరా బూట్లు కుట్టింది నేనే.
ఏ మడమ ముందు అరిగేదో,
ఇందాకట్నుంచీ
రెండు చేతులూ చూసుకుంటున్నాను.